బ్రేకుల సంగతి

మేడ మీది గది
ఆదివారం మధ్యాహ్నం

అత్తయ్యకు,

ఎలా ఉన్నారని అడగడానికి చేయి రావడం లేదు. ఎలా ఉంటారో నాకు తెలుసు. నేను బాగున్నానని రాసినా మీరు నమ్మరు, అందుకని అదీ వదిలేస్తున్నాను. పని సంగతి రాస్తాను.

మందుల సీసాలకు మూతలు బిగించే చోట వేశారు. నిలబడే పని. కాళ్లు వాస్తున్నాయి గానీ అలవాటవుతుంది. నా పక్కన బిగించే ఆవిడను అందరూ రేడియో అంటారు. ఉదయం ఆరింటికి మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపదు. ఆవిడ మాట్లాడుతుంటే నేను మాట్లాడక్కర్లేదు, అది నాకు బాగుంది.

ఇబ్బంది ఒక్కటే. గది నుంచి ఫ్యాక్టరీ ఏడు కిలోమీటర్లు. ఆరు దాటితే గేటు వేసేస్తారు. మొదటి బస్సు ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. ఈ నెలలో మూడుసార్లు గేటు బయట నిలబడిపోయాను. నాలుగోసారి అయితే ఇంక రానక్కర్లేదని సూపర్వైజరు చెప్పాడు.

రేడియో వాళ్ల అక్క సైకిలు ఒకటి ఊరికే పడి ఉందట, తీసుకోమంటోంది. అత్తయ్యా, కోప్పడకండి. ఆయన ఆరేళ్లు సైకిలు మీదే పనికి వెళ్లారు. దారి సంగతులన్నీ అన్నం తింటూ మీకే చెప్పేవారు, నేను వంటింట్లో ఉండి సగం సగం విన్నాను. ఏం చెప్పేవారో గుర్తున్నంత రాయండి. ఇంకెవరిని అడగాలో నాకు తెలియదు.

మీ కోడలు


ఇల్లు
బుధవారం

అమ్మాయికి అత్తయ్య రాసేది,

నీ ఉత్తరం ఒకసారి చదివి మడిచి కుట్టు మిషను సొరుగులో పెట్టాను. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాను. ఆ మాట ఈ ఇంటికి రాయడానికి నీకు మనసెలా ఒప్పింది?

అబ్బాయి పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ వీధిలో సైకిలు బెల్లు వినబడితే లేచి గుమ్మంలోకి పోతున్నాను. పాలవాడు నన్ను చూసి ఈమధ్య బెల్లు కొట్టడం మానేశాడు. వచ్చి తలుపు తడుతున్నాడు. పరాయివాడికి ఉన్నపాటి ఆలోచన నీకు లేకపోయిందా.

వద్దు. నడిచి పో. నడవలేకపోతే పని మానెయ్. ఇక్కడికి వచ్చెయ్. నేను రెండు జాకెట్లు కుడితే ఇద్దరం తింటాం. వాడి మంచం అలాగే ఉంది, నువ్వు దాని మీద పడుకో, నేను ఒక్క మాట అనను.

నేను చదివింది అయిదో తరగతి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఒక పూట పట్టింది. మళ్లీ మళ్లీ రాయించకు.

అత్తయ్య


మేడ మీది గది
పది రోజుల తర్వాత

అత్తయ్యకు,

మీ ఉత్తరం వచ్చేసరికే సైకిలు తెచ్చుకున్నాను. దాచడం ఎందుకు, నాలుగు రోజులుగా దాని మీదే వెళ్తున్నాను.

మొదటి రోజు ప్యాంటు అంచు చైనులో ఇరుక్కుని పడ్డాను. మోకాలు చీరుకుంది. రెండో రోజు అన్నం డబ్బా హ్యాండిలుకు తగిలిస్తే అది ఊగి ఊగి నన్ను కాలవలోకి లాక్కుపోయింది. పప్పంతా కాలవపాలు, డబ్బా మాత్రం దక్కింది. రేడియో తన అన్నంలో సగం పెట్టి, ఈ పిల్ల ఫ్యాక్టరీకి వస్తోందో సర్కసుకు వస్తోందో తెలియడం లేదని అందరికీ చాటింది. మూడో రోజు ఒక లారీ పక్కనుంచి పోతే గాలికి సైకిలు పక్కకి ఊగిపోయింది. దిగి, గేటు దాకా తోసుకుంటూ నడిచాను. అయినా ఆరుకి రెండు నిమిషాలు ముందే ఉన్నాను.

అక్కడికి రమ్మన్నారు. రాలేను అత్తయ్యా. ఎందుకని అడక్కండి.

నేను ఎలాగూ తొక్కుతాను. తెలిసి తొక్కితే మంచిదా, తెలియక తొక్కితే మంచిదా మీరే చెప్పండి. ఆయన మాటలు మీ దగ్గర ఉన్నాయి. దాచుకుంటే అవి ఎవరికి పనికొస్తాయి?

మీ కోడలు


ఇల్లు, మిషను దగ్గర
రెండు రోజులు కూర్చుని రాసింది

అమ్మాయికి,

నువ్వు పడ్డావని చదివి చేతిలో ఉన్న గుడ్డ తప్పు కత్తిరించాను. టీచరమ్మ జాకెట్టు అది. ఒక చెయ్యి పొట్టి అయింది. ఆవిడ ఏమీ అనలేదు. ఈమధ్య నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు.

సరే, రాస్తాను. వాడి మాటల్లోనే రాస్తాను. నా మాటలు కలిస్తే అవి చెడిపోతాయి.

సీటు ఎత్తు ముందు చూసుకో. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు అడుగున ఉన్నప్పుడు కాలు చాచినట్టు ఉండాలి. కిందికి ఉంటే మోకాళ్లు పోతాయి. నా మిషను స్టూలు కూడా వాడే కొలిచి ఎత్తు పెంచాడు. "అమ్మా, నువ్వూ తొక్కుతావు, నేనూ తొక్కుతాను. నేనయినా ఎక్కడికో ఒకచోటికి చేరతాను, నువ్వు ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉన్నావు" అనేవాడు.

పొద్దున బయలుదేరే ముందు రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కు. వేలు దిగిందంటే గాలి లేదు. గాలి తక్కువైతే తొక్కడం బరువు, పంచరు కూడా తొందరగా అవుతుంది.

ప్యాంటు అంచు చైను వైపు రబ్బరు బ్యాండుతో కట్టుకో. నీకు నేను పంపుతున్న పట్టీ ఉంది చూడు, రెండు వేళ్ల వెడల్పు, లోపల సాగే దారం వేశాను. పైబట్ట వేలాడనివ్వకు, నడుముకు ముడి వెయ్. డబ్బా ఎప్పుడూ వెనక క్యారియరు మీద, రెండు చుట్లు కట్టాలి. హ్యాండిలుకు ఏదీ తగిలించకూడదు. వాడూ మొదట్లో తగిలించాడు, వాడూ పడ్డాడు. నాకు చెప్పలేదు. చొక్కా ఉతుకుతుంటే తెలిసింది.

చెమట పడుతుంది. సంచిలో ఒక జత బట్టలు, చిన్న తువ్వాలు పెట్టుకో. చేరాక మొహం కడుక్కుని మార్చుకో. పది నిమిషాలు ముందు బయలుదేరు. తొందర ఉన్నవాడు తొక్కకూడదు అనేవాడు. తొందర ఉన్న రోజు బస్సెక్కేవాడు.

ఆగి ఉన్న కారు పక్కనుంచి పోయేటప్పుడు ఒక తలుపు వెడల్పు దూరం ఉంచు. లోపల ఉన్నవాడు చూడకుండా తలుపు తీస్తాడు. నీళ్లు నిలిచిన గుంట మీదుగా పోకు, లోతు తెలియదు. గతుకు వస్తే సీటు మీద నుంచి కొంచెం లే.

లారీ సంగతి. మలుపు దగ్గర లారీ పక్కన ఎప్పుడూ నిలబడకు. దాని వెనకే ఉండు. లారీ అద్దంలో నీకు డ్రైవరు మొహం కనబడితేనే వాడికి నువ్వు కనబడ్డట్టు. కనబడకపోతే నువ్వు లేనట్టే. ఇది వాడు నాకు గిన్నెలు పెట్టి చూపించాడు. పెద్ద గిన్నె లారీ, ఉప్పు డబ్బా సైకిలు.

తెల్లవారుజామున చీకటి ఉంటుంది. వెనక ఎర్ర బిళ్ల, ముందు లైటు లేకుండా పోకు. వీపు మీద తెల్లబట్ట కుట్టి పంపుతున్నాను, భుజాలకు తగిలించుకో. మొదటిసారి ఏ దారిలో పోయినా ఆదివారం ఒకసారి ఖాళీగా పోయి చూసుకో అనేవాడు. కుక్కలు ఎక్కడ, గుంటలు ఎక్కడ, పంచరు షాపు ఎక్కడ అని.

బ్రేకుల సంగతి నాకు తెలియదు. షాపులో అడుగు.

ఇంత రాస్తానని అనుకోలేదు. రాసినంతసేపు వాడు పక్కన కూర్చుని అన్నం తింటున్నట్టే ఉంది. కలం పెట్టేసరికి మళ్లీ ఏమీ లేదు.

అత్తయ్య


మేడ మీది గది
వానాకాలం మొదలు

అత్తయ్యకు,

పట్టీ, తెల్లబట్ట అందాయి. తెల్లబట్ట చూసి రేడియో నాకు దేవదూత అని పేరు పెట్టింది. రెక్కలొక్కటే తక్కువట. మీరు చెప్పినట్టే ఆదివారం దారంతా చూసుకున్నాను. చెక్కల డిపో దగ్గర రెండు కుక్కలు, వంతెన అవతల పంచరు షాపు. సీటు పెంచుకున్నాక మోకాళ్ల నొప్పి పోయింది. రెండు నెలల్లో ఒక్కరోజు కూడా గేటు బయట నిలబడలేదు. సూపర్వైజరు ఈమధ్య నన్ను చూసి గడియారం సరిచేసుకుంటున్నాడు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. సైకిలు మెట్ల కింద తడుస్తోంది. చైను ఎర్రబడింది, చక్రాల అంచులు కూడా తుప్పు పడుతున్నాయి. చివరిసారి ఆయన సైకిలు మీరు తుడిచారు కదా, మిషను నూనెతో. చక్రాలు అద్దాల్లా మెరిసిపోయాయి, నాకు గుర్తుంది. ఆ నూనె చిన్న సీసా ఒకటి పంపుతారా? పంపడం కుదరకపోతే రాయండి, వచ్చే ఆదివారం ఇక్కడే కొని మీరు తుడిచినట్టే తుడుచుకుంటాను. వంతెన దిగుడు చాలా పొడుగు. సోమవారం ఆ దిగుడులో సైకిలు జోరుగా పోతుందని రేడియో అంటోంది.

మీ కోడలు


ఇల్లు
గురువారం, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నది

అమ్మాయ్,

చక్రం అంచుకు నూనె రాయకు. ముందు ఈ మాట చదువు, తర్వాత మిగతాది చదువు. చైనుకు రాయి, అంచుకు రాయకు. చుక్క కూడా తగలనివ్వకు. ఇప్పటికే రాసి ఉంటే సైకిలు ఎక్కకు. సోడా నీళ్లతో కడిగి, పొడిబట్టతో తుడిచి, షాపులో చూపించి అప్పుడు ఎక్కు. పోస్టులో వేస్తే ఆదివారానికి అందదని కండక్టరును బతిమాలాను.

ఇప్పుడు మిగతాది. కూర్చుని చదువు.

వాడికి మూడు రోజులు జ్వరం వచ్చింది గుర్తుందా. ఆ మూడు రోజులూ సైకిలు వానలో నిలబడింది. నాలుగో రోజు పొద్దున పనికి పోతానన్నాడు. ఆ ముందురోజు సాయంత్రం నేను పీట వేసుకుని సైకిలు దగ్గర కూర్చున్నాను. ఎప్పుడూ ముట్టుకోలేదు, వాడే చూసుకునేవాడు. ఆ రోజు ముట్టుకున్నాను. పిల్లాడు నీరసంగా ఉన్నాడు, తొక్కడం తేలిగ్గా ఉండాలి అనుకున్నాను.

మిషనుకు నూనె పెడితే అది చెప్పిన మాట వింటుంది. ముప్ఫై ఏళ్లుగా నాకు తెలిసింది అదొక్కటే. ఇనుము ఏదైనా అంతే అనుకున్నాను. గుడ్డ నూనెలో ముంచి చక్రం పుల్లలు తుడిచాను, అంచులు తుడిచాను, అంచు పక్కన నల్లగా ఉన్న రబ్బరు ముక్కలు కూడా తుడిచాను. అవి ఎందుకున్నాయో నాకు తెలియదు. మిషనుకు బ్రేకు ఉండదు. చక్రం మీద అరచెయ్యి వేస్తే ఆగిపోతుంది. ఆ రబ్బరు అంచును పట్టుకుంటేనే సైకిలు ఆగుతుందని నాకు తెలియదు తల్లీ. నేను ఏనాడూ సైకిలు ఎక్కలేదు.

ఇదంతా తర్వాత తెలిసింది. సైకిలు పోలీసు స్టేషను నుంచి తెచ్చిన రోజు రిపేరు షాపతను వచ్చాడు. వంగిన చక్రం మీద వేలు రాసి వాసన చూశాడు. రబ్బర్లు కూడా నానిపోయాయన్నాడు. "ఇక్కడ నూనె ఎవరు రాశారమ్మా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నువ్వు లోపల ఉన్నావు. వినలేదనుకున్నాను.

లారీ డ్రైవరు మన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను మెల్లగా తిప్పుతున్నానమ్మా, దిగుడులో ఆ అబ్బాయి ఆగలేదు, ఆగడానికి చూసినట్టే కనబడింది గానీ ఆగలేదు అన్నాడు. నేను తలుపు మొహం మీద వేశాను. అందరూ అతన్నే తిట్టారు. నేనూ తిట్టాను. అందరికంటే గట్టిగా తిట్టాను. అతని పని పోయింది.

నీకు అన్నీ రాసి బ్రేకుల సంగతి తెలియదని రాశాను. నాకు తెలిసింది నిజానికి అదొక్కటే.

నన్ను ఏమనుకున్నా సరే. అంచు ముట్టుకోకు.

అత్తయ్య


మేడ మీది గది
ఇరవై రోజుల తర్వాత

అత్తయ్యకు,

మీ ఉత్తరం శనివారమే అందింది. కండక్టరు గది దాకా తెచ్చిచ్చాడు. ఇన్నాళ్లు జవాబు రాయలేదు. రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను.

నేను చక్రానికి నూనె రాయలేదు. రాసేదాన్ని కూడా కాదు. రోజూ పొద్దున పొడిబట్టతో అంచులు తుడిచి, బ్రేకు పట్టి చూసి గాని ఎక్కను. నేను నూనె కోసం అడగలేదు అత్తయ్యా. మీతో ఆ మాట చెప్పించడానికి అడిగాను. బిడ్డ పోయిన తల్లిని అలా భయపెట్టకూడదు, నాకు తెలుసు. అయినా చేశాను.

షాపతను అడిగింది నేను విన్నాను. మీరు తెలియదనడమూ విన్నాను. కానీ నాకు తెలిసింది అప్పుడు కాదు. ఆ రోజు పొద్దునే తెలుసు.

ఆయన సైకిలు బయటికి తీసి బ్రేకు నొక్కి చూశారు. చక్రం జారిపోయింది. కూర్చుని అంచు మీద వేలు పెట్టి నాకు చూపించారు. నవ్వారు. "అమ్మకి చెప్పకు. గంటసేపు కూర్చుని తుడిచింది, మెరుపు చూసుకుని మురిసిపోయింది. తెలిస్తే నొచ్చుకుంటుంది. పనికి వెళ్లాక తుడిచేసుకుంటాలే" అన్నారు.

మీరు లోపల గిన్నెలు కడుగుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. మీరు బయటికి వస్తున్నారేమో, ఆయన తుడుస్తుంటే చూస్తారేమో అనిపించింది. నా భుజం మీద తువ్వాలు ఉంది అత్తయ్యా. రెండు నిమిషాల పని. ఇటివ్వండి నేను తుడుస్తానని అనలేదు. అత్తయ్య వస్తోంది, వెళ్లండి వెళ్లండి అన్నాను. ఆయన వెళ్లారు.

అందుకే ఆ ఇంట్లో ఉండలేకపోయాను. ఈ పని ఒక సాకు. రోజూ మీ మొహం చూసేదాన్ని, ఇవాళ చెబుతారా అని. మీరు చెబితే నేనూ చెబుదామనుకున్నాను. మీరు చెప్పలేదు, నేనూ చెప్పలేదు, ఇద్దరం కలిసి లారీ అతన్ని తిట్టుకున్నాం.

ఇప్పుడు చెప్పుకున్నాం. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. మీ మీద కోపం పోలేదు, నా మీదా పోలేదు. కొన్నాళ్లు నాకు రాయకండి. నేనూ రాయను.

మీ కోడలు


ఇల్లు
పొద్దున

అమ్మాయికి,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాసి ఆపేస్తాను.

నిన్న స్టేషనుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడ కేసులు రాసే రైటరు కలం పట్టుకుని, ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అన్నాడు. గుర్తులేని రోజు లేదయ్యా అన్నాను. రాసుకున్నాడు. అక్కడి నుంచి లారీ అతని ఇల్లు వెతుక్కుంటూ పోయాను. విని అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. వాళ్లావిడ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

నీ తప్పు లేదు. తువ్వాలు సంగతి ఇంక మోయకు. రెండు నిమిషాలు తుడిస్తే నేను చూస్తానని నువ్వు భయపడ్డావు. తెలిస్తే నొచ్చుకుంటానని వాడు భయపడ్డాడు. నొచ్చుకుంటే నేనేం చేసేదాన్ని? మూతి ముడిచేదాన్ని. ఒక పూట అన్నం మానేసేదాన్ని. నా ఖర్మ, ఈ ఇంట్లో నేను చేసింది ఎవరికి నచ్చుతుంది అని గోడకు చెప్పేదాన్ని. వాడి చిన్నప్పటి నుంచి అంతే. ఒకసారి చొక్కా బిగుతుగా కుట్టాను, అది చెబితే అలుగుతానని ఆ ఏడాదంతా ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. కాజాలు చిరిగాక గాని నాకు తెలియలేదు. నా కొడుకు నన్ను ఒక్క మాట అనడు అని వీధంతా చెప్పుకుని పొంగిపోయాను. అనలేక అనలేదని నాకు తట్టలేదు.

నీ ఉత్తరం వచ్చేదాకా నూనె వల్ల పోయాడనుకున్నాను. తెలియక చేశానని ఏడవడానికి ఒక మాట ఉండేది. ఇప్పుడు అదీ లేదు. నూనె సంగతి వాడికి తెలుసు. తెలిసీ ఎక్కాడు. నా మూతి చూడలేక ఎక్కాడు.

నువ్వు కోపం పోలేదన్నావు. పోనక్కర్లేదు. కానీ దాన్ని వాడిలాగా లోపల పెట్టుకోకు. ఎన్నాళ్లకైనా సరే, నా మీద ఉన్నదంతా రాసి పంపు. తిట్లు రాయి. ఏ మాట వస్తే ఆ మాట రాయి, పెద్దదాన్నని చూడకు. కూడబలుక్కునైనా అంతా చదువుతాను. నేను అలగను. అలిగితే బతిమాలేవాడు లేడు.

అత్తయ్య